ఉరుముకు పెట్టిన ఇనుప మొల

బోయిగూడ, సికింద్రాబాద్
శుక్రవారం

నన్ను చంకనెత్తుకొని పెంచిన మా సత్తెమ్మక్కకు, చెల్లెలు బాలమణి కాళ్ళకు మొక్కి రాస్తున్నది.

అక్కా, నీ ఒంట్లో ఎట్లా ఉంది? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? నేను పంపిన నూనె రాసుకుంటున్నావా, సీసా అట్లాగే దాచిపెట్టావా? దాచిపెట్టే ఉంటావు. రాసుకో, అయిపోతే ఇంకొకటి పంపిస్తాను. బావ దగ్గు ఎట్లా ఉంది? చుట్ట మానేశానని నాతో అన్నాడు గాని నేను నమ్మలేదు. మల్లేశం పొలం నుంచి వేళకు ఇంటికి వస్తున్నాడా? నీ కొడుకు నీ మాట వినడని తెలుసు, అయినా ఎండలో తలకు రుమాలు లేకుండా తిరగవద్దని నా మాటగా చెప్పు. బర్రె ఈనిందా? దూడ లేచి నిలబడిందా?

ఇక్కడ మేమందరం బాగున్నాం. నేను బాగున్నాను, బీపీ గోళీ రోజూ వేసుకుంటున్నాను. శీను బాగున్నాడు. కోడలు సరిత బాగుంది. ఒక్కసారి రాస్తే నువ్వు నమ్మవని మళ్ళీ రాస్తున్నాను, అందరం బాగున్నాం.

ఫోనులో చెప్పవచ్చు కదా, ఈ కాలంలో ఉత్తరం ఏమిటని శీను నవ్వుతాడు. ఫోనులో నువ్వు "ఆఁ ఆఁ" అంటావు గాని నీకు ఒక్క ముక్క వినబడదని నాకు తెలియదా? మనిద్దరం రాత్రిబడిలో పక్కపక్కన కూర్చొని నేర్చుకున్న నాలుగు అక్షరాలు ఎప్పుడు పనికొస్తాయి? నీ కళ్ళకు ఆనేటట్టు పెద్దగా రాస్తున్నాను. నిదానంగా చదువుకో.

నువ్వు ఎదురుచూసేది ఒక్కటేనని తెలుసు. నీ గుడ్లు ఏమయ్యాయని. చెబుతాను, వరసగా చెబుతాను. ముందే రాస్తే నువ్వు ఉత్తరం మడిచి రొండిన దోపుకొని బర్రె దగ్గరికి పోతావు, మిగతాది చదవవు. గాబరా పడకు. కూర్చొని చదువు.

ఆ పొద్దు ఊరకుక్కలు గూడు తలుపు పీకి కోళ్ళన్నిటినీ చంపిపోయినప్పుడు నేను అక్కడే ఉన్నాను కదా. నువ్వు గడపలో కూర్చున్న తీరు ఇంకా నా కళ్ళ ముందే ఉంది. అమ్మ మన పెళ్ళిళ్ళకు చెరొక పెట్టను ఇచ్చి పంపింది. నాది రోగమొచ్చి తొందరగానే పోయింది. నీది పిల్లలకు పిల్లలు పెట్టుకుంటూ ఇన్నేళ్ళు వచ్చింది. మెడ మీద ఈక లేని ఆ బోడిమెడ కోళ్ళను చూస్తేనే ఊళ్ళో వాళ్ళు సత్తెమ్మ కోళ్ళు అనేవారు. అన్నీ ఒక్క పూటలో పోయాయి. బియ్యం గంపలో దాచిన గుడ్లు మాత్రం మిగిలాయి. ఈ ఎండలకు ఊళ్ళో ఎవరింట్లోనూ పొదిగే కోడి లేకపోయె. అప్పుడు నువ్వు అన్నావు.

"తీస్కపోవే బాలమణీ. నీ కోడలు ఏందో పెట్టె జేస్తదంటివి గద. ఈడుంటే మురిగిపోతయి. ఆడ ఒక్కటన్న లేస్తే అమ్మ కోళ్ళు నిలవడ్తయి."

ఆ మాట మోసుకొని వచ్చానక్కా. గుడ్ల కన్నా అదే బరువు.

బేసి సంఖ్య ఉండాలని పదమూడు లెక్కపెట్టి ఇచ్చావు. వడ్ల ఊక నింపిన డబ్బాను రైలులో ఒళ్ళోనే పెట్టుకున్నాను. పక్కనామె "కింద పెట్టమ్మా, కాళ్ళు గుంజుతలేవా?" అంటే కూడా దించలేదు. అంత చేసినా భువనగిరి దగ్గర బండి కుదుపుకు రెండు పగిలాయి. పదకొండు మిగిలాయి. అదీ బేసే కదా అని ధైర్యం తెచ్చుకున్నాను.

సరిత సంగతి నీకు సరిగ్గా ఎప్పుడూ రాయలేదు. ఆమె మందుల గోదాములో బిల్లులు కొడుతుంది. ఆదివారం వస్తే పడుకోదు, బజారుకు పోదు, టేబుల్ ముందు కూర్చుంటుంది. అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్దదైన పలక ఒకటి ఉంటుంది, దాన్ని బోర్డు అంటారు. అంచుల వెంట ముళ్ళలాగా సన్నటి కడ్డీలు. వాటికి వైర్లు తగిలిస్తుంది, టంకం పెడుతుంది. తరువాత కంప్యూటర్‌లో ఏదో రాసి, ఒక వైరు గుండా ఆ బోర్డులోకి ఎక్కిస్తుంది. రాసింది రాసినట్టు చేస్తుంది ఆ బోర్డు. ఎక్కువా చేయదు, తక్కువా చేయదు. జీతం కోసం కాదు, ఎవరో చెప్పారనీ కాదు. ఇష్టం, అంతే. మొదట్లో నాకు ఎంత భయమో. షాక్ కొడితే? ఇల్లు అంటుకుంటే? ఆమె టంకం పెట్టినంతసేపూ బకెట్ నిండా నీళ్ళతో తలుపు దగ్గర నిలబడేదాన్ని.

"అత్తమ్మా, కరెంటు మీద నీళ్ళు పోస్తె ఇంకా తక్లీఫ్ అయితది. జెర ఆ బకెట్ లోపల పెట్టున్రి" అనేది.

గుడ్లు తీసుకొచ్చి ఆమె ముందు పెట్టి, నువ్వన్న మాట చెప్పాను. ఆమె ఒక్కొక్క గుడ్డూ చేతిలోకి తీసుకొని చూసింది. "అత్తమ్మా, నేను ఎన్నడు చెయ్యలే. ఐతదో కాదో తెల్వదు. చేస్త" అంది. మర్నాడు గోదాము నుంచి మందులొచ్చిన థర్మకోల్ పెట్టె తెచ్చింది. అందులో ఒక బల్బు, చిన్న ఫ్యాను, వేడిని కనిపెట్టే చింతగింజంత వస్తువు, లోపలి గోడకు బోర్డు. బయటికి ఒక చిన్న అద్దం, అందులో అంకెలు. ముప్పై ఏడున్నర ఉండాలట. వేడి తగ్గితే బల్బు వెలిగించు, పెరిగితే ఆర్పు అని బోర్డుకు రాసింది. బల్బు వెలిగేటప్పుడూ ఆరేటప్పుడూ టిక్కు అని చప్పుడు వచ్చేది. పెట్టె ఎట్లా ఉందో గడియగడియకూ ఆమె ఫోనుకు కబురు పోయేది.

అక్కా, ఇక్కడికి వచ్చి రెండో ఎండాకాలం. వాళ్ళిద్దరూ పనులకు పోతే పొద్దంతా నేనొక్కదాన్నే. రెండో అంతస్తు నుంచి చూస్తే ఎవరి వాకిలీ కనబడదు. పొద్దున కోడి కూయదు, స్టేషన్‌లో బండి వస్తోందని అరిచే మైకుకు లేస్తాను. పాలు సంచిలో వస్తాయి, చల్ల రుచే లేదు. అట్లాంటి నాకు ఆ పెట్టె వచ్చాక తోడు దొరికినట్టయింది. టిక్కుమంటే ఉన్నావా అనుకునేదాన్ని. గుడ్లకు ఒక పక్క పెన్సిల్‌తో గీత పెట్టింది సరిత, పూటపూటకూ వాటిని తిప్పే పని నాది. అన్నం ముందు కూర్చున్నా కళ్ళు ఆ అంకెల మీదే.

కింద ఉండే ఇంటి ఓనరమ్మకు ఈ సంగతి తెలిసి, మెట్ల దగ్గర నన్ను నిలబెట్టింది.

"ఏం బాలమణమ్మా, మా ఇంట్ల కోళ్ళఫారం షురూ జేసిన్రట?"

"లేదమ్మా, ఒక్క పెట్టె. జెరన్ని గుడ్లే."

"పుంజు లేసి పొద్దుగాల కూసిందనుకో, కిరాయి పెంచుత చూడు!"

"కూసేదాక ఎందుకుంచుకుంట? మా అక్కకు ఇచ్చొస్త."

"గట్లయితే సరే. పిల్లలు లేస్తే నాకు సుత చూపియ్యాలె మరి."

వారం దాటాక ఒక సాయంత్రం సరిత కిటికీలు మూసి, గుడ్డు వెనక ఫోను లైటు పెట్టి చూపించింది. లోపల ఎర్రటి నరాలు, వేళ్ళు పారినట్టు. మధ్యలో ఒక చుక్క అదురుతోంది. "ఇగో అత్తమ్మా, గుండె" అంది. నువ్వు పక్కన ఉంటే బాగుండుననిపించింది. రెండు గుడ్లలో ఏమీ లేదు, తీసేశాం. తొమ్మిదింటిలో ప్రాణం ఉంది.

తరువాత ఎండలు ముదిరాయి. ఒక మధ్యాహ్నం బల్బు ఆరిపోయే ఉంది, అయినా అంకె పైకి పోతోంది. ఇల్లే పొయ్యిలా ఉంటే పెట్టె ఏం చేస్తుంది? సరితకు ఫోను చేశాను. వేడి మరీ పెరిగితే ఏం చేయాలో తాను బోర్డుకు రాయనేలేదని అప్పుడు తెలిసింది ఆమెకు. పెట్టెను మంచం కిందికి, నీళ్ళ రంజన్ కుండ పక్కకు జరిపించింది. ఇంటికి రాగానే నన్ను అడిగింది.

"ఎండ ఎక్కువైతే కోడి ఏం జేస్తది అత్తమ్మా?"

"లేసి నిలవడ్తది. రెక్కలు ఎడం జేస్తది. పోయి ఇన్ని నీళ్ళు తాగొస్తది."

ఆమె అదే రాసింది. అంకె దాటితే పెట్టె మూత దానంతటదే ఒక పక్క కొంచెం లేచి, చల్లబడగానే మూసుకునేది. చిన్న మోటారు పెట్టిందిలే. మూత లేచినప్పుడల్లా కోడి లేచిందని నాకు నవ్వొచ్చేది.

ఇప్పుడు రాసేది చదివి నన్ను తిట్టకు. తిట్టినా ఫరవాలేదు.

గుడ్లు పగలడానికి ఇంకా వారం కూడా లేదు. సాయంత్రం నాలుగింటికి స్టేషన్ మీద ఆకాశం నల్లబడింది. దుమ్ము, వెంటనే ఉరుము. కిటికీ అద్దాలు అదిరిపోయాయి. ఇంట్లో నేనొక్కదాన్నే. ఉరిమితే మనం ఏం చేస్తాం అక్కా? పొదిగే గంపలో ఇనుప మొల వేయకుండా అమ్మ ఎన్నడైనా గుడ్లు పెట్టిందా? నువ్వు పెట్టావా? మొదటి రోజే వేద్దామనుకున్నాను, సరిత ముందు సిగ్గుపడి ఊరుకున్నాను. రెండో ఉరుముకు ఇక ఆగలేకపోయాను. గోడకు క్యాలెండర్ వేలాడే మొల పీకి, కడిగి, పెట్టె మూత తీసి లోపల అంచు మీద పెట్టాను. దండం పెట్టుకొని మూత వేశాను.

కాసేపటికి టిక్కు వినబడలేదు. ఉరుముల్లో వినబడలేదేమో అనుకున్నాను. అద్దంలో అంకె లేదు. బల్బు లేదు, ఫ్యాను లేదు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. అప్పుడే ఫోను మోగింది. సరిత.

"అత్తమ్మా, పెట్టె నుంచి ఏం వస్తలేదు. ఏమైంది?"

"కరెంటు పోయినట్టుంది బిడ్డా."

"ఇంట్ల ఫ్యాను తిరుగుతున్న చప్పుడైతుంది గద అత్తమ్మా."

నేను తలెత్తి ఫ్యాను వైపు చూశాను. ఆమె ఇంకేమీ అడగలేదు. "నేనొస్తున్న. సీసాల వేడినీళ్ళు పోసి, గుడ్డ చుట్టి లోపల పెట్టున్రి. మూత ఊకె తియ్యకున్రి" అంది. బయట వడగళ్ళు. అంతటి ఎండ ఉన్న ఇల్లు గంటలో చల్లబడిపోయింది. నేను సీసాలకు గుడ్డ చుడుతుంటే ఓనరమ్మ పైకొచ్చి, తన నడుముకు పెట్టుకునే రబ్బరు సంచిలో వేడినీళ్ళు నింపి ఇచ్చింది. "పరేషాన్ గాకున్రి, పానం ఉన్నయి గట్లనే పోతయా?" అని నా పక్కనే కూర్చుంది.

సరిత తడిసి ముద్దై వచ్చింది. చున్నీ పిండుకోకుండానే పెట్టె విప్పింది. ఫ్యాను అదురుకు మొల దొర్లి, బోర్డు కడ్డీల మీద అడ్డంగా పడి ఉంది.

"గిదేంది అత్తమ్మా?"

"మొల బిడ్డా."

"ఎందుకు పెట్టిన్రు?"

"ఉరిమింది గద. ఇనుము లేకుంటే గుడ్లు మురుగుతయి."

ఆమె మొలను తీసి అరచేతిలో పెట్టుకుంది. జుట్టు నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"ముందుగాల నాకు చెప్తే మంచి జాగ చూసి పెడ్తుంటి గద. ఎందుకు చెప్పలే?"

"నువ్వు నవ్వుతవని."

"ఇప్పుడు నవ్వొస్తలేదు అత్తమ్మా" అంది. తిట్టినా అంత బాధ ఉండకపోయేది.

బోర్డు మాడిపోయింది. వైర్లు కొనే రెజిమెంటల్ బజార్ షాపుకు ఫోను చేసింది. అట్లాంటిది లేదు, తెప్పించాలంటే నాలుగు రోజులన్నాడు. అన్నాళ్ళు సీసాల వేడితో గుడ్లు నిలుస్తాయా? సరిత లేచి అలమర పైనుంచి తన గడియారం దించింది.

దాని సంగతి నీకు రాయలేదు. దసరా నుంచి చేస్తోంది. ముళ్ళుండవు, అంకెలుండవు. నల్లటి చెక్కలో తెలుగు అక్షరాలు కోసి, వెనక చిన్న దీపాలు పెట్టింది. వేళను బట్టి ఆ మాటలే వెలుగుతాయి. నాకు అంకెల గడియారం చూడటం కష్టమని, చదువుకునేటట్టు చేసింది. ఇట్లాంటివి చేసేవాళ్ళంతా ఆ ఆదివారమే బొల్లారంలో ఒక హాలులో కలుస్తున్నారు, అక్కడ చూపించాలని నెలల తరబడి కూర్చుంది. దాని వెనక ఉన్నదీ అట్లాంటి బోర్డే.

అప్పటికి శీను వచ్చాడు. "అది ఇప్పితే ఆదివారం ఏం తీస్కపోతవ్?" అన్నాడు.

"గడియారం ఎప్పుడన్న జేస్కోవచ్చు. గుడ్లు ఆగుతయా?" అని స్క్రూలు విప్పింది. "ఆరు గంటలు" అని వెలుగుతున్న అక్షరాలు ఒక్కసారి ఆరిపోయాయి. నాకు గుండె చెరువైందక్కా. ఆమె మాత్రం తల ఎత్తలేదు. ఈసారి బోర్డును ఒక మూత ఉన్న డబ్బాలో పెట్టి, పెట్టె బయట బిగించింది. గుడ్ల కోసం రాసిందంతా దీనిలోకి ఎక్కించింది. నేను దేవుడి దగ్గర దీపం పెట్టి వచ్చేసరికి వినబడింది, టిక్కు.

కానీ లోపల ప్రాణం ఉందో లేదో ఎవరికి తెలుసు? చివరి రోజులు కదా, ఇక లైటు పెట్టి చూడవద్దు, తిప్పవద్దు అంది సరిత. ఆ రోజులు నేను ఎట్లా గడిపానో రాయలేను. నీకు ఏ ముఖంతో రాయాలి, అమ్మ కోళ్ళను కుక్కలు కాదు నేనే చంపానని రాయాలా అనుకున్నాను.

ఒక పొద్దున వాళ్ళు పనులకు పోయాక, పెట్టె పక్కన కూర్చొని వెల్లుల్లి ఒలుస్తున్నాను. సన్నగా ఒక చప్పుడు. టిక్కు కాదు. చెవి ఆనించాను. గుడ్డు ఇంకా పగలనే లేదు, లోపలి నుంచే అరుస్తోంది. సరితకు ఫోను చేశాను. ఏడుస్తున్నానో నవ్వుతున్నానో ఆమెకు అర్థం కాలేదట. "ఫోను పెట్టెకు దగ్గర పెట్టున్రి అత్తమ్మా. ఇంకా దగ్గర" అంది. గోదాములో వాళ్ళందరినీ పిలిచి వినిపించింది. నా చెయ్యి గుంజేదాకా పట్టుకొనే ఉన్నాను. నీకు అట్లా వినిపించలేను కదా అక్కా, అందుకే ఇంత పెద్దగా రాశాను.

మొదటిది సాయంత్రానికి బయటపడింది. మెడ నిండా ఈకలు. ఊరి పుంజులతో కలిసి నీ దగ్గరా కొన్ని అట్లా పుట్టేవి కదా. రెండోదీ అట్లాగే. నా మనసు చివుక్కుమంది. మర్నాడు ఇంకో రెండు లేచాయి. తడి ఆరాక చూస్తే రెండింటికీ మెడ బోడి! ఎర్రటి చిన్న మెడ, అమ్మ ఇచ్చిన పెట్ట మెడే. ఓనరమ్మ పైకొచ్చి చూసి "గిదేం పిల్లమ్మా, అంగీ కాలరు ఇప్పుకొని వచ్చింది!" అని పడిపడి నవ్వింది.

నాలుగు పిల్లలు అక్కా. నాలుగూ బాగున్నాయి, నూకలు తింటున్నాయి. అయిదు గుడ్లు పగలలేదు. నా మొల వల్లనేనా అని సరితను అడిగాను. "తెల్వదత్తమ్మా. ఎండకో, రైలుకో, మొలకో. బోర్డుకు ముందే డబ్బా కట్టకపోవుడు నా తప్పే" అంది. ఆ ఆదివారం వెలగని గడియారం పట్టుకొనే బొల్లారం పోయి వచ్చింది. "అందరు పెట్టె ముచ్చటే అడిగిన్రు, గడియారం ఎవ్వలు అడగలే" అని నవ్వింది గాని, చెక్కను గుడ్డతో తుడిచి మళ్ళీ అలమర మీద పెట్టడం నేను చూశాను. పిల్లలకు ఈకలు నిండేదాకా వెచ్చదనం కావాలి, అందాకా బోర్డు వాటి దగ్గరే. పిల్లలు నీ దగ్గరికి చేరాకే నా గడియారం వెలిగేది. నాకేం తొందర లేదు.

ఇంకొక మాట. పిల్లలు లేచిన మర్నాడు చూస్తే, పెట్టె మూత మీద పైన ఒక ఖాళీ అగ్గిపెట్టె అంటించి ఉంది. దాని మీద నేను చదివేటట్టు పెద్ద అక్షరాలతో "మొల" అని రాసింది సరిత. తెరిచి చూస్తే మొల లోపలే ఉంది.

ఇక నా చింత. ఆ బోడిమెడ పిల్లలు రెండూ పెట్టలో, పుంజులో ఇంకా తెలియదు. రెండూ పుంజులైతే ఎట్లా? నువ్వే చూసి చెప్పాలి. గూడు తలుపు ఇప్పుడే చేయించు, ఆలస్యం చేయకు. మల్లేశంతో కింద బండలు వేయించి, చుట్టూ ఇనుప జాలి కొట్టించు. కుక్కలు మళ్ళీ వస్తే నేను తట్టుకోలేను. నూకలు ఇన్ని దాచి ఉంచు. కొత్త మామిడికాయ తొక్కు నాకు ఒక చిన్న డబ్బా తీసి పెట్టు, సరితకు కూడా ఇష్టం.

బావకు నా దండాలు చెప్పు. మల్లేశానికి, అతని భార్యకు నా దీవెనలు. మా కోడలిని మనసారా దీవించు అక్కా, నీ గుడ్ల కోసం తన గడియారం విప్పింది. నన్నూ దీవించు. నువ్వు గోళీలు మరువకు, నూనె రాసుకో. ఇక్కడ అందరం బాగున్నాం, ఏ ఫికరూ పెట్టుకోకు.

నీ చెల్లెలు
బాలమణి

రాయడం మరిచాను. తొలి వానల మిరుగం కార్తె మొదలయ్యే రోజుకు సరిత సెలవు అడిగి పెట్టింది. అప్పటికి ఎండ తగ్గుతుంది, పిల్లలకు ఈకలు నిండుతాయి. పొద్దటి ప్యాసింజర్‌కు ఇద్దరం గంపతో జనగామలో దిగుతాం. గంపలో మొల కూడా ఉంటుంది. స్టేషన్‌కు మల్లేశాన్ని పంపు. నువ్వు రాకు, గూడు దగ్గరే ఉండు. మిరుగం నాడు వస్తున్నాం.